చిక్కుడు పందిరికి కాపలా

చిక్కుడుకాయ ఈనె తీసేటప్పుడు వేళ్లకు ఒక పచ్చి వాసన అంటుకుంటుంది. సబ్బు పెట్టి కడిగినా మధ్యాహ్నం దాకా పోదు. మొన్న శనివారం పొద్దున ఢిల్లీ సాకేత్‌లో మా ఆఫీసు బాల్కనీలో, ఎండకు వీపు పెట్టి చేటెడు కాయలు ముందేసుకున్నానో లేదో ఆ వాసన ముక్కుకు తగిలింది. తగలగానే వెనక నుంచి ఎవరో "ఈనె సగంలో తెంపేసేవేటే? రేపు ఎవరి గొంతులోనో అడ్డం పడదేటి?" అని కసిరినట్టయింది. నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. సత్యవతి ఆంటీ పోయి రెండేళ్లవుతోంది. అయినా ఆ గొంతు ఇంకా వినిపిస్తుందంటే నాకు ఆశ్చర్యం లేదు. బతికున్న రోజుల్లో ఆవిడ గ్రౌండ్ ఫ్లోర్‌లో దగ్గితే మేం మూడో అంతస్తులో నిద్ర లేచేవాళ్లం.

నేను పిల్లల కౌన్సెలర్‌ని. బడి ఎగ్గొట్టే పిల్లలు, ఇల్లు వదిలి పోయి వెనక్కొచ్చిన పిల్లలు, పెద్దవాళ్లతో మాటలు మానేసిన పిల్లలు మా దగ్గరికి వస్తారు. వాళ్లతో పాటు చేతులు కట్టుకుని, మొహం గంటు పెట్టుకుని తల్లిదండ్రులూ వస్తారు. నేను వాళ్లందరి ముందూ చిక్కుడుకాయల చేట పెడతాను. కొత్తగా చేరినవాళ్లు ఇదేం పద్ధతి, ఏ యూనివర్సిటీలో నేర్చుకున్నారు మేడమ్ అని అడుగుతుంటారు. ఆర్.కె. పురంలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. నేను మాత్రం వేళాకోళానికి అనడం లేదు.

మాది గుంటూరు జిల్లా. నాన్న ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్‌గా ఉండేవారు. నేను నడక నేర్చింది, మాటలు నేర్చింది, అబద్ధాలాడడం నేర్చింది అంతా ఆర్.కె. పురం క్వార్టర్లలోనే. ఇంట్లో అమ్మా నాన్నా తెలుగులో మాట్లాడితే నేను హిందీలో జవాబిచ్చేదాన్ని. నాన్న ఆఫీసులో కాగితం పై నుంచి కిందికైనా, కింది నుంచి పైకైనా వరుస తప్పకుండా నడవాలి. 'త్రూ ప్రాపర్ ఛానెల్' అంటారు దాన్ని. మా నాన్న ఆ అలవాటును టిఫిన్ బాక్సుతో పాటు ఇంటికి తెచ్చుకున్నారు. నాకు పదమూడేళ్లు దాటాక మా ఇద్దరికీ మధ్య ఆ ఛానెల్ మా అమ్మ.

ఆయన ముందు గదిలో కూర్చుని, "అది సాయంత్రం ఆరింటిదాకా ఎక్కడుందో ఎక్స్‌ప్లనేషన్ ఇమ్మను" అనేవారు. అమ్మ వెనక గదిలోకి వచ్చి, "ఆలస్యమైందేమ్మా, నాన్న కంగారు పడుతున్నారు" అనేది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా "ఉన్‌కో క్యా" అనేదాన్ని, ఆయనకేంటట అని. అమ్మ ముందు గదిలోకి వెళ్లి, "ఇంకెప్పుడూ ఆలస్యం చేయదటండీ" అని చెప్పేది. పాపం, ఆవిడ ఉద్దేశం మంచిదే. రెండు నిప్పుల మధ్య తడిగుడ్డ పట్టుకుని తిరిగేది. కానీ ఇటు మాట అటు వెళ్లేసరికి దాంట్లో నేను ఉండేదాన్ని కాదు. అటు మాట ఇటు వచ్చేసరికి అందులో నాన్న ఉండేవారు కాదు. ఒకే ఇంట్లో, ఒకే కుక్కర్‌లో వండిన అన్నం తింటూ ఏడాదిన్నర పాటు మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్నది లేదు.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నేను బడికని బయల్దేరి బడికి వెళ్లడం మానేశాను. సరోజినీ నగర్ మార్కెట్లో తిరిగేదాన్ని. నాకంటే పెద్ద పిల్లలతో, వాళ్ల స్నేహితుల బైకుల మీద ఎక్కడెక్కడికో వెళ్లేదాన్ని. ఎక్కడికీ వెళ్లబుద్ధి కాని రోజుల్లో మా బ్లాకు కిందే, సత్యవతి ఆంటీ పెరట్లో చిక్కుడు పందిరి వెనక నక్కేదాన్ని. మా బాల్కనీలోంచి చూస్తే ఆ మూల కనిపించదు. ఇంటికి అంత దగ్గరగా దాక్కోవడంలో అర్థమేమిటో ఇవాళ నా దగ్గరికొచ్చే పిల్లలను చూస్తే తెలుస్తుంది. అప్పుడు తెలియదు.

ఆంటీది విజయనగరం. భర్త మూర్తి అంకుల్ నాన్న వాళ్ల శాఖలోనే అండర్ సెక్రటరీ, నాన్నకంటే ఒక మెట్టు పైన. ఆయన నోట్లోంచి మాట రావడం ఎప్పుడో తప్ప వినలేదు నేను. అవసరం కూడా ఉండేది కాదనుకోండి. ఆంటీ మోకాళ్లు పాడయ్యేదాకా ఆడపిల్లల హోమ్‌లో వార్డెన్‌గా చేశారు. రైల్వే స్టేషన్లలో దొరికినవాళ్లు, పోలీసులు తెచ్చి అప్పగించినవాళ్లు, ఇంటికి పోనని మొండికేసినవాళ్లు, అలాంటి పిల్లల మధ్య ఆవిడ జీవితం గడిచింది. ఆఫీసర్ల ముందు పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడేవారు. కోపమొచ్చినా, ముద్దొచ్చినా మాత్రం విజయనగరం ఊడిపడేది. కూరగాయల బండివాడితో హిందీ, పందిరి మీదికొచ్చే కోతులతో తెలుగు. ఢిల్లీ కోతులకు తెలుగు ఎలా తెలుస్తుంది ఆంటీ అని నేనొకసారి హిందీలోనే అడిగితే, "గుంటూరు పిల్లవి, నీకే అర్థమవుతున్నప్పుడు వాటికవదేటి?" అన్నారు.

పందిరి వెనక నేను దొరికిపోయిన రోజు ఆవిడ నన్నేమీ అడగలేదు. యూనిఫాం చూశారు, బ్యాగు చూశారు, లోపలికెళ్లి ఒక చేట తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"ఎలాగూ కూర్చున్నావు కదా. ఈనెలు తియ్యి."

నాకు రాదన్నట్టు తల ఊపాను. పక్కన కూర్చుని, తొడిమ దగ్గర గిల్లి, పొడుగునా లాగి చూపించారు. కాసేపయ్యాక నాకే ఉండబట్టక, "మమ్మీకో బతాయేంగీ?" అన్నాను, అమ్మకు చెప్పేస్తారా అని. ఆవిడ కాయలోంచి కళ్లెత్తలేదు. "చెప్పాల్సింది నాకేటుంది? నీకుంటే నువ్వు చెప్పు" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నేను అక్కడికి వెళ్లాను. మెల్లగా మాటలు మొదలయ్యాయి. చేతులకు పని ఉంటే, కళ్లు కిందికి ఉంటే, నోరు దానంతటది తెరుచుకుంటుందని అప్పుడు నాకు తెలియదు, ఆవిడకు తెలుసు.

ఇంతలో ఒక రాత్రి నేను ఇంటికి రాలేదు. మునిర్కాలో ఒక స్నేహితురాలి గదిలో ఉండిపోయాను. ప్రమాదమేమీ జరగలేదు, అది నా అదృష్టం. పొద్దున ఇంటికొచ్చేసరికి నాన్న స్నానం చేసి, ఆఫీసుకు తయారై ఉన్నారు. నా వైపు చూడకుండా, "దానికి టిఫిన్ పెట్టు" అని అమ్మతో అని వెళ్లిపోయారు. ఏమన్నారు, ఏమన్నారు అని అమ్మను ఎంత అడిగినా, "కోపంగా ఉన్నారమ్మా" అన్న ఒక్క మాటే. కోపం ఒకటేనా అనుకున్నాను. హాయిగా పడుకుని లేచి, తల దువ్వుకుని, టై సర్దుకుని వెళ్లిన మనిషిని చూసినట్టే అనిపించింది. ఆ వారంలోనే ఛానెల్ ద్వారా ఉత్తర్వు వచ్చింది. నన్ను విజయవాడ దగ్గర హాస్టల్ స్కూల్లో పడేస్తారు. ఈ ఏడాది చదువు పోతే పోయింది. టికెట్లు చూస్తున్నారు.

నాకు భయం వేసింది. బయటికి మాత్రం "అచ్ఛా హై" అన్నాను, మంచిదేగా అన్నట్టు. పంపేస్తే పీడా పోతుంది వాళ్లకి అని లోపల అనుకున్నాను. అక్కడికి వెళ్తే నేను ఇక తిరిగి ఈ ఇంటి పిల్లను కానని నాకెందుకో గట్టిగా తెలుసు. ఆ సంగతి పందిరి వెనక ఈనెలు తీస్తూ ఆంటీకి చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆవిడ నా వీపు నిమరలేదు, ఓదార్చలేదు. "పారిపోయిన పిల్లని పట్టుకోడం పోలీసోళ్ల పని. ఆ పిల్లతో ఇంట్లో ఎవరు మాటాడతన్నారో సూడ్డం మా పని. మీ ఇంట్లో ఎవరు మాటాడతన్నారే నీతోటి?" అన్నారు. ఆలోచించి, "మమ్మీ" అన్నాను. "మీ అమ్మ మాటాడదు, మోస్తాది" అని లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మా మెట్ల వైపు నడిచారు.

మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఏనాడూ మా మెట్లెక్కింది లేదు. ఆ రోజు ప్రతి మెట్టు మీదా ఆగి, ప్రభుత్వాన్ని, లిఫ్టు పెట్టని ఇంజినీర్లను తిట్టుకుంటూ ఎక్కారు. గుమ్మంలో ఆవిడను చూడగానే నాన్న గభాలున లేచి నిలబడ్డారు. అండర్ సెక్రటరీ గారి భార్య.

"ప్రసాదరావు గారూ, అమ్మాయిని ఎక్కడికో పంపిస్తున్నారట?"

"అవునండీ. అక్కడ డిసిప్లిన్ బాగుంటదంట. ఇక్కడ మా చేతుల్లో లేదండీ అది."

"పంపిద్దురు గాని. నా పందిరి మీద కాయ అయిపోయేదాకా ఆగండి. ఆదివారం ఆదివారం మీ ముగ్గురూ కిందికొచ్చి కాస్త సాయం చెయ్యండి. నా మోకాళ్లు చూస్తున్నారు కదా."

నాన్న అయోమయంగా అమ్మ వైపు చూశారు. చిక్కుడుకాయలకూ హాస్టల్‌కూ సంబంధం ఏమిటో ఆయనకు అందలేదు. కాని అంతకంటే ముఖ్యమైన సందేహం ఒకటి ఆయనకొచ్చింది.

"సార్ గారికి తెలుసాండీ ఈ విషయం?"

"ఆయనే చెప్పమన్నారు" అన్నారు ఆంటీ, కళ్లార్పకుండా. మూర్తి అంకుల్‌కి ఆ సంగతి ఆదివారం పొద్దున మేం ముగ్గురం తలుపు తట్టేదాకా తెలియదు. పై అధికారి నోటిమాటను నాన్న ఎన్నడూ తోసిపుచ్చి ఎరగరు. కాగితం మీద రాసిచ్చినా అంత శ్రద్ధగా పాటించేవారు కాదేమో, ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ దిగారు ఈనెలు తీయడానికి.

మొదటి ఆదివారం ఆంటీ లెక్క తప్పింది. చాప వేసి, మధ్యలో చేట పెట్టి, మా ముగ్గురినీ చుట్టూ కూర్చోబెట్టారు. బాగానే ఉంది. కాని నాన్న నోరు తెరిస్తే అమ్మ అందుకునేది, నేను తెరిస్తే అమ్మ అందుకునేది. "దానికి చలేస్తున్నట్టుంది" అని నాన్న అమ్మతో అంటే, "చలేస్తోందామ్మా?" అని అమ్మ నన్ను అడిగేది. నేను ఇద్దరికీ ఒక మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. ఇలా గంట గడిచింది. ఆంటీ గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తూనే ఉన్నారు. కాయలన్నీ అమ్మే బాగు చేసేసింది.

రెండో ఆదివారం మేం వెళ్లేసరికి ఆంటీ ఒక లావుపాటి కర్ర పట్టుకుని ఎదురుచూస్తున్నారు. దాన్ని అమ్మ చేతిలో పెట్టారు.

"పద్మా, నువ్వు పందిరి దగ్గర కూర్చో. కోతులు మరిగాయి. నిన్న సగం కాయ తెంపేసి పోయాయి."

"నేనాండీ?" అంది అమ్మ. మా అమ్మ బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కే మనిషి.

"నువ్వే. నువ్వు అక్కడి నుంచి కదిలావంటే అవి దిగుతాయి. పిలిచినా రాకు."

అమ్మ కర్ర పట్టుకుని, శాలువా కప్పుకుని, ఎండలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. ఆంటీ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా చప్పుడు చేయడం మొదలుపెట్టారు. చాప మీద నాన్న, నేను, మధ్య చేట. కోతులు ఒక్కటీ రాలేదు. ఆ సీజన్‌లో ఒక్క ఆదివారం కూడా రాలేదు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ కర్ర ఆంటీ అంతకుముందు రోజే మార్కెట్లో కొన్నారని.

నాన్నకు ఏం చేయాలో పాలుపోలేదు. ఒక కాయ తీసుకుని రెండుగా విరిచారు. ఈనె ఊడలేదు. ఇంకోటి తీసి గోరుతో గీకారు. మూడోదాన్ని కొస నుంచి లాగితే పప్పులన్నీ చొక్కా మీద పడ్డాయి. పాతికేళ్లు ఫైళ్లు తిప్పిన మనిషి చిక్కుడుకాయ ముందు ఓడిపోతుంటే నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆయన తలెత్తి చూశారు. అమ్మ వైపు చూశారు, ఆవిడ దూరంగా ఆకాశంలోకి చూస్తూ కోతుల కోసం వెతుకుతోంది. ఇక దారి లేక నావైపు తిరిగారు.

"ఎట్లా తీయాలి దీన్ని?"

ఏడాదిన్నర తర్వాత ఆయన నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అది. నేను ఆయన చేతిలో కాయ తీసుకుని, "ఐసే నహీ పాపా. ఇధర్ సే ఖీంచో" అన్నాను, ఇలా కాదు, ఇక్కణ్నుంచి లాగాలి అని తొడిమ దగ్గర గిల్లి చూపించాను. ఆయన లాగారు. ఈనె పొడుగునా ఊడి వచ్చింది. దాన్ని పైకెత్తి పట్టుకుని, "ఆఁ, వచ్చింది" అన్నారు, ప్రమోషన్ వచ్చినంత సంబరంగా. ఆ ఆదివారానికి మా మాటలు అంతే.

వారం మధ్యలో నేను పందిరి దగ్గరికి వెళ్లి, ఈ ఆలోచన మీకెలా వచ్చిందని ఆంటీని అడిగాను. ఆవిడ పనిచేసిన హోమ్‌కి ఒక పిల్ల వచ్చిందట, ఎనిమిదేళ్లుంటాయేమో. రోజూ రాత్రి తన రొట్టెల్లో ఒకటి తీసి నాన్నొస్తాడని దాచి పెట్టేదట. నెలల తర్వాత ఆ తండ్రి నిజంగానే వచ్చాడు. బెంచీ మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మాట లేదు. ఆ రోజు వంటమనిషి రాలేదని ఆంటీ చిరాకుగా ఇద్దరి మధ్యా బఠాణీల బుట్ట పడేసి వలవమన్నారట. "తిరిగొచ్చి చూద్దును కదా, ఇద్దరూ ఒకరి చేతిలోవి ఒకరు లాక్కుని తింటన్నారు. నాకు కూరకి గుప్పెడు మిగల్లేదు" అన్నారు.

"ఘర్ గయీ వో?" అన్నాను, ఆ పిల్ల ఇంటికెళ్లిందా అని.

"ఎల్లింది" అన్నారు. ఇంకో కాయ అందుకుని, "అందరూ ఎల్లలేదే" అన్నారు. ఆవిడ గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

మూడో ఆదివారానికి నాన్న సిద్ధపడి వచ్చారు. నన్ను అడగడానికి ఒక ప్రశ్న తయారు చేసుకున్నట్టున్నారు, కూర్చున్న దగ్గర్నుంచి పెదాలు కదుపుతూనే ఉన్నారు. నాలుగు కాయలు తీశాక బయటపెట్టారు. "మీ క్లాసులో అందరూ... లంచ్‌కి ఏం కూరలు తెచ్చుకుంటారు?" నేను నవ్వు దిగమింగి, నిజం చెప్పాను. ఒకమ్మాయి రోజూ ఆలూ పరాఠా తెస్తుందని, మన గోంగూర పచ్చడికి అందరూ ఎగబడతారని. ఆయన చాలా గంభీరంగా, ఫైలు విన్నట్టు విన్నారు. మరుసటి రోజు నా డబ్బాలో గోంగూర పచ్చడి రెండింతలు ఉంది. ఆ రోజు బడికి వెళ్లాను. పచ్చడి కోసమే అనుకోండి.

అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. పందిరి పల్చబడుతోంది. ఆకులు పసుపు తిరుగుతున్నాయి. చేటలో కాయ తగ్గేకొద్దీ నా భయం పెరిగేది, ఎందుకంటే హాస్టల్ మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఒక ఆదివారం కాయలు గుప్పెడే వచ్చాయి. అవి చూసి నేనే అడిగేశాను. చేతిలో కాయను చూస్తూ, నన్ను ఎందుకు పంపేస్తున్నారు, నేనంటే మీకు విసుగా అని. హిందీలోనే అడిగాను.

నాన్న ఒక కాయ చేతిలోకి తీసుకున్నారు. తర్వాత తలెత్తకుండా చెప్పారు.

"ఆ రాత్రి నువ్వు రాలేదు. స్కూటర్ ఏసుకుని మోతీ బాగ్ నుంచి బస్టాపులన్నీ తిరిగా. యాడా లేవు. ఆస్పత్రి ఎమర్జెన్సీకి పోయా. లోపలికి పోయి అడగాలంటే కాళ్లు రాలేదమ్మా. గేటు దగ్గరే కూర్చున్నా. తెల్లారి ఇంటికొచ్చి, నువ్వు వస్తే నా మొహం చూసి కనిపెట్టేస్తావని నెత్తి మీద నాలుగు చెంబులు పోసుకున్నా."

హాయిగా పడుకుని లేచారనుకున్న మనిషి.

"మమ్మీనే క్యోఁ నహీ బతాయా?" అన్నాను చివరికి, అమ్మ నాకెందుకు చెప్పలేదని.

"నేనే చెప్పొద్దన్నా. నాయన భయపడ్డాడని తెలిస్తే నువ్వింక నా మాట వినవేమోనని." ఆ కాయ ఈనె తీసి, చేటలో వేసి, "హాస్టల్లో అయితే గేటుంటది, వాచ్‌మన్ ఉంటాడు, రాత్రి నిద్ర పడతది అనుకున్నా. అంతే చిన్నీ" అన్నారు.

చిన్నీ అన్నది నా ముద్దుపేరు. ఆయన నోటి నుంచి అది విని ఎన్నాళ్లయిందో. ఇంట్లో అంతా 'అది', 'నీ కూతురు'. నేను అప్పుడు తెలుగులో మాట్లాడాను. అనుకుని కాదు, దానంతటదే వచ్చింది. "నేను వస్తాను నాన్నా. ఇంటికి వస్తాను" అన్నాను. తప్పుల్లేకుండా పలికానో లేదో నాకు తెలియదు. ఆయన జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకుంటే అందులో చిక్కుకున్న పప్పులన్నీ చొక్కా మీదికి రాలాయి.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో మేం గమనించలేదు. పందిరి దగ్గర నుంచి అమ్మ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, ఏమైంది, ఏమైంది అంటూ. గుమ్మంలో ఆంటీ చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. "నువ్వెందుకొచ్చావు పద్మా? కోతులు" అన్నారు. అమ్మ మమ్మల్ని చూసింది, ఆంటీని చూసింది, ఆకాశం చూసింది. మా అమ్మ అమాయకురాలే గాని తెలివితక్కువది కాదు. మెల్లగా వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఆదివారాలు తనకెంత విశ్రాంతిగా ఉండేవో అమ్మ తర్వాత చాలాసార్లు చెప్పుకుంది. పెళ్లయ్యాక ఎండలో గంటసేపు ఊరికే కూర్చున్నది అప్పుడేనట.

ఆ సాయంత్రం నాన్న ఆంటీకి నమస్కారం పెట్టి, "ఆ హాస్టల్ ప్రపోజల్ అబేయన్స్‌లో పెడుతున్నానండీ" అన్నారు. పక్కన పెట్టేశారన్నమాట, ఆఫీసు భాషలో. ఆంటీ "సార్ గారికి చెబుతాను లెండి" అన్నారు. సార్ గారు పక్క గదిలో పేపర్ చదువుకుంటున్నారు.

ఇదంతా చదివి నేను మర్నాటి నుంచి బంగారు బొమ్మనైపోయానని అనుకోకండి. ఆ ఏడాది లెక్కల్లో తప్పాను. ఇంకో రెండు మూడుసార్లు బడి ఎగ్గొట్టాను. నాన్నా నేనూ గట్టిగా అరుచుకున్నాం కూడా, కాని నేరుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. అమ్మ మధ్యలోకి రాబోతే మేమిద్దరం ఒకేసారి "నువ్వు కోతుల సంగతి చూడు" అనేవాళ్లం. ఆ మాట మా ఇంట్లో ఈ రోజుకీ ఉంది. పై చదువుకు ఏం తీసుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నాకు ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆంటీకి చెబితే, "పిల్లల పనా? జీతం రాదు, మోకాళ్లు పోతాయి" అని తిట్టి, వెళ్లేటప్పుడు చేట నా చేతిలో పెట్టారు.

అంకుల్ రిటైరయ్యాక వాళ్లు విజయనగరం వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే నా గురించి ఒక్క మాట అడిగేవారు కాదు. "ఆ గుంట మాటాడిందేటి? దాని బాబు వచ్చాడేటి?" అని నా దగ్గరికొచ్చే పిల్లల గురించే. పేర్లు చెప్పను కదా, ఆవిడే గుర్తులు పెట్టుకునేవారు, గోళ్లు కొరికే పిల్ల, టోపీ తీయని కుర్రాడు అని. పోయేముందు వారం కూడా టోపీ కుర్రాడి గురించే అడిగారు. వాడు టోపీ తీశాడని చెప్పాను. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే తిట్టేవారు, ఆ తిట్టు కూడా నాకు దక్కేది.

మొన్న శనివారం సంగతికి వస్తాను. ఒక తండ్రి, పదిహేనేళ్ల కొడుకు, తల్లి వచ్చారు. తండ్రిని ఏదడిగినా తల్లి చెబుతోంది, కొడుకును ఏదడిగినా తల్లే చెబుతోంది. నేను లేచి, మూలనున్న కర్ర తీసి ఆవిడకు ఇచ్చాను. "దీదీ, నాతో బాల్కనీలోకి రండి. చిక్కుడు తొట్లున్నాయి, కోతులొస్తాయి" అన్నాను. మా ఆఫీసు రెండో అంతస్తు, బాల్కనీకి చుట్టూ ఇనుప జాలీ. ఆవిడ జాలీని చూసింది, నన్ను చూసింది, కర్ర పట్టుకుని కూర్చుంది.

లోపల చాప మీద వాళ్లిద్దరితో పాటు మా నాన్న ఉన్నారు. రిటైరయ్యాక ఢిల్లీలోనే ద్వారకలో డాబా మీద తొట్లలో చిక్కుడు పెంచుతున్నారు, శనివారం శనివారం మెట్రోలో సంచీ పట్టుకుని వచ్చి, ఎవరూ పిలవకపోయినా ఆ చాప మీద కూర్చుంటారు. కిటికీ తెరిచే ఉంది. లోపల కాయ ఫట్‌మని విరిగింది, కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఆ తండ్రి ఏదో గొణిగాడు. అప్పుడు మా నాన్న గొంతు వినిపించింది, గుంటూరు యాస హిందీలో, పెద్ద రహస్యం చెబుతున్నట్టు.

"ఐసే నహీ భాయీసాబ్. మేరే కో భీ నహీ ఆతా థా. బేటే సే పూఛో."

నాకూ వచ్చేది కాదు, మీ అబ్బాయిని అడగండి అని. నా పక్కన ఆ తల్లి గబుక్కున లేవబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"కోతులు దీదీ" అన్నాను.